పాలమూరు ప్రాంతంలో ప్రోస్టేట్ వైద్యం

ప్రోస్టేట్ గ్రంథి మగవారికి మాత్రమే ఉంటుంది. మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళం మొదలయ్యే చోట ఆ నాళాన్ని చుట్టుకొని ఉంటుంది. వయసులో ఉన్నవారిలో దాని బరువు సుమారు ఇరవై గ్రాములు. నలభై దాటాక నాళాన్ని ఆనుకొని ఉన్న లోపలి భాగం మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. అరవై ఏళ్ళు వచ్చేసరికి సగం మందిలో, ఎనభై ఐదేళ్ళకు పదిమందిలో తొమ్మిదిమందిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. పెరిగిన ప్రతివాడికీ బాధ ఉండదు. గ్రంథి ఎంత పెరిగిందన్న దానికంటే నాళాన్ని ఎంత నొక్కుతోందన్నదే ముఖ్యం. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. అయితే అదే గ్రంథి బయటి భాగంలో క్యాన్సర్ వేరుగా పుట్టవచ్చు.

లక్షణాలు ఏళ్ళ తరబడి సాగుతాయి. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. ధార సన్నబడుతుంది, మొదలవడానికి ఆలస్యమవుతుంది, చివరలో చుక్కలు చుక్కలుగా పడుతుంది. పల్లెల్లో దీన్ని ముసలితనంతో వచ్చేదే అని సరిపెట్టుకోవడం రివాజు. పైగా చెప్పుకోవడానికి సిగ్గు. పెద్దమనిషి ఈ మాట కొడుకుతో అనడు, కోడలి ఎదుట అసలే అనడు. ఏదో ఒక రాత్రి ఒంటేలు పూర్తిగా బంద్ అవుతుంది. పొత్తికడుపు ఉబ్బి రాయిలా గట్టిపడుతుంది. మనిషి కూర్చోలేడు, పడుకోలేడు. అప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

ఆ రాత్రి కావలసింది శస్త్రచికిత్స కాదు, ఒక గొట్టం. మూత్రాశయంలోకి గొట్టం పంపి నీరు తీయగలిగితే మిగతా వైద్యానికి వారాలు, నెలలు వ్యవధి దొరుకుతుంది. తీయలేకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, పూర్వపు రోజుల్లో చాలామంది అలాగే పోయారు. అందుకే పాలమూరులోని (పాత మహబూబ్‌నగర్ జిల్లా) గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఈ వైద్యం చరిత్రను లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కొత్త పద్ధతి పుట్టిన తేదీలతో కొలిస్తే సరిపోదు. గొట్టం వేయగల చెయ్యి ఎంత దూరంలో ఉందన్నదే ఇక్కడి అసలు లెక్క. గద్వాల నుంచి కర్నూలు సుమారు అరవై కిలోమీటర్లు, మధ్యలో తుంగభద్ర. హైదరాబాద్ వెళ్ళాలంటే కృష్ణ దాటి సుమారు నూట తొంభై కిలోమీటర్లు. వనపర్తి పేరుతో రైల్వే స్టేషన్ ఉంది కానీ అది ఊరికి చాలా దూరంలో మదనాపురం దగ్గర ఉంది. నాగర్‌కర్నూలుకు రైలే లేదు. అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటల (గూడేల) నుంచి మామూలు రోడ్డు అందుకోవడమే ఒక ప్రయాణం.

ప్రాచీన వైద్యానికి ఈ బాధ తెలుసు. మూత్రం ఆగిపోయే వ్యాధులను సుశ్రుతుడు మూత్రాఘాతం అన్న పేరుతో పన్నెండు రకాలుగా వర్ణించాడు. వాటిలో వాతాష్ఠీల అన్నదాన్ని, మలాశయానికీ మూత్రాశయానికీ నడుమ రాయిలాంటి గట్టి గడ్డ పుట్టి దారి మూసేసే వ్యాధిని, నేటి ఆయుర్వేద పండితులు ప్రోస్టేట్ వాపుతో పోలుస్తారు. గ్రంథి అనే అవయవాన్ని విడిగా గుర్తించకపోయినా, అడ్డు ఎక్కడ ఉందో సరిగ్గా పసిగట్టినట్టే. నాళం ముందుభాగం మూసుకుపోతే ఇనుముతోనో, కొయ్యతోనో, లక్కతోనో చేసిన గొట్టానికి నెయ్యి పూసి లోపలికి పంపాలని, మూడేసి రోజులకు ఒకసారి ఇంకాస్త లావు గొట్టం వాడుతూ దారి పెద్దది చేయాలని సుశ్రుత సంహిత చెబుతుంది. నాళం ఇరుకైనప్పుడు (స్ట్రిక్చర్) నేటి యూరాలజిస్టు వాడే డైలేటర్ల వరుస వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

మూత్రాశయంలోని రాయికి కోత గురించి సుశ్రుతుడు చెప్పిన తీరు ఇంకా వివరంగా ఉంటుంది. రోగిని బలమైన మనిషి ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి కట్టి, వైద్యుడు ఎడమచేతి వేళ్ళను మలద్వారంలో ఉంచి రాయిని కిందికి నెట్టాలి. మధ్యరేఖకు ఎడమపక్క, రాయి పరిమాణానికి తగినంత కోత పెట్టి, రాయి పగలకుండా, పొడి మిగలకుండా కొక్కెంతో తీయాలి. ఆ తర్వాత గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చోబెట్టాలి. కోత పెట్టకపోతే చావు ఖాయం, పెడితే బతుకు సందేహం. కనుక ముందు రాజు అనుమతి తీసుకోవాలని కూడా ఆ గ్రంథం ఆదేశిస్తుంది. ఆపరేషన్‌కు ముందు బంధువుల చేత సంతకం పెట్టించే నేటి పద్ధతికి ఇంత పాత పూర్వరూపం మరొకటి అరుదు.

ఈ శస్త్రవిద్య ఊళ్ళలో నిలవలేదు, మందులు నిలిచాయి. పల్లేరు కాయల కషాయం, ఉలిమిరి బెరడు, కొండపిండి ఆకు రసం, గలిజేరు వేరు, ఉలవకట్టు. నల్లమల అంచు ఊళ్ళలోనూ కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ చేన్లగట్ల మీదా ఇవన్నీ చేతికందేవే. మూత్రం జారీ కావడానికి, చిన్న రాళ్ళు పడిపోవడానికి ఇవి కొంత సాయం చేసి ఉంటాయి. అయితే గ్రంథి పెరిగి దారి మూసిన మనిషికి మూత్రం ఎక్కువ చేసే కషాయం మేలు కంటే హానే చేస్తుంది. నిండిన మూత్రాశయం మరింత నిండుతుంది. మంటకూ రాయికీ పనికొచ్చిన మందే అడ్డుపడ్డ మనిషికీ ఇవ్వడం ఇప్పటికీ ఆగలేదు, అది విచారించాల్సిన సంగతి.

రాయి మాటకు వస్తే, వానలు తక్కువై ఎండ ఎక్కువైన నేలల్లో, ఆరుబయట పనిచేసేవారిలో మూత్రం చిక్కబడి రాళ్ళు కట్టడం ఎక్కువ. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు వేసినవాళ్ళు. నిప్పులాంటి ఎండలో తట్టలు మోసిన ఆ బతుకులో మంచినీళ్ళు కడుపునిండా తాగే వీలు ఎక్కడిది? తిండికీ రాయికీ ఉన్న సంబంధం మీద దక్షిణాదిలోనే మంచి పరిశోధన జరిగింది. నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ 1920ల చివర్లో ఎలుకలకు ధాన్యం ఎక్కువగా, పోషకాలు తక్కువగా ఉన్న తిండి పెట్టి వాటి మూత్రాశయంలో రాళ్ళు పుట్టించాడు. అదే తిండికి పాలు కలిపితే రాళ్ళు తగ్గాయి. పేదపిల్లల మూత్రాశయంలో రాళ్ళు ఎందుకు వచ్చేవో, తిండి మెరుగుపడ్డ కొద్దీ ఆ జబ్బు ఎందుకు వెనక్కి తగ్గిందో అర్థం కావడానికి ఈ పని దారి చూపింది.

గద్వాల, వనపర్తి అప్పట్లో నిజాం ఏలుబడిలోని సంస్థానాలు. గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు తెచ్చినంతగా పండితులను ఆదరించిన కోట అది. ఆధునిక శస్త్రవైద్యం మాత్రం హైదరాబాద్ నగరంలో మొదలైంది. 1846లో అక్కడ వైద్య పాఠశాల ఏర్పడింది. అదే తర్వాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. మొదటి సాలార్‌జంగ్ కాలంలో, 1866లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ దవాఖాన కట్టారు.

కోతకు ముందు నొప్పి తెలియకుండా చేయడం నేర్వాలి. ఆ విషయంలో హైదరాబాద్ ఒకసారి ప్రపంచం దృష్టిలో పడింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వైద్య పాఠశాలకు కూడా అధిపతిగా ఉండేవాడు. క్లోరోఫారం వల్ల చావు వస్తే అది శ్వాస ఆగడం వల్లే గానీ గుండె ఆగడం వల్ల కాదని ఆయన నమ్మకం. దాన్ని పరీక్షించడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు నడిపింది. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు, ఖర్చులకు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. నాలుగు వందలకు పైగా కుక్కల మీద ప్రయోగాలు చేసి లారీ మాటే నిజమని తేల్చారు. ఆ తీర్పు పూర్తిగా సరైనది కాదు. తేలికపాటి మత్తులో క్లోరోఫారం గుండె లయను కూడా చెడగొట్టగలదని 1911లో ఎ.జి. లెవీ చూపించాడు. అయినా ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న లారీ పాఠం చాలా ప్రాణాలు కాపాడింది. ఆ రోజుల్లో హైదరాబాదులో మత్తు ఇచ్చినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే వైద్యురాలు ఉంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా ఆమెను ఇప్పుడు గౌరవిస్తున్నారు. పాలమూరు జిల్లాకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఈ ఆరో నిజాం మీదుగానే.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకుపోయింది. విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో 1919 నాటికి అదే చోట ఉస్మానియా ఆసుపత్రి లేచింది. తర్వాత యాభై ఏళ్ళకు పైగా తెలంగాణ పల్లెలవారికి పెద్ద ఆపరేషన్ అంటే ఉస్మానియానే.

జిల్లాలోకి పాశ్చాత్య వైద్యం మిషనరీలతో కూడా వచ్చింది. మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘం నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల చుట్టూ మిషన్ కేంద్రాలు నడిపింది. ఆ సంఘం తరఫున 1907లో వచ్చిన వైద్యురాలు కాథరీనా షెల్లెన్‌బర్గ్ నాగర్‌కర్నూల్, దేవరకొండ, శంషాబాద్ కేంద్రాల్లో పనిచేసి 1945లో భారతదేశంలోనే కన్నుమూసింది. 1952లో అదే సంఘం జడ్చర్లలో పెద్ద ఆసుపత్రి తెరిచింది. పుండ్లకు కట్లు, కాన్పులు, జ్వరాలు, పాముకాట్లు ఇలాంటి ఆసుపత్రుల రోజువారీ పని. జడ్చర్ల మహబూబ్‌నగర్‌కు దగ్గర, హైదరాబాద్ దారి మీద ఉంది కాబట్టి నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నుంచి వచ్చేవారికి నగరం దాకా పోకుండా మధ్యలో ఒక ఆపరేషన్ బల్ల దొరికింది.

ఇదే కాలంలో ప్రోస్టేట్ శస్త్రచికిత్స బయటి ప్రపంచంలో రూపు దిద్దుకుంది. అందులో ముఖ్యమైన పేరు భారతదేశంతో ముడిపడినదే. ఐర్లండ్‌కు చెందిన పీటర్ ఫ్రేయర్ 1875లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి ఉత్తరాదిన ఇరవై ఏళ్ళు పనిచేశాడు. మూత్రాశయంలోని రాయిని కోత లేకుండా, నాళం గుండా పరికరం పంపి నలగ్గొట్టి కడిగేయడంలో అతనికి గొప్ప పేరు. రాంపూర్ నవాబుకు రాయి తీసినందుకు లక్ష రూపాయల బహుమానం అందుకున్నాడని, అది ప్రభుత్వంతో తగవుకు దారితీసిందని చెబుతారు. 1896లో ఇంటికి తిరిగిపోయి లండన్‌లోని సెయింట్ పీటర్స్ ఆసుపత్రిలో చేరాడు. 1900 డిసెంబరు 1న పొత్తికడుపు మీద కోత పెట్టి, మూత్రాశయం తెరిచి, పెరిగిన గడ్డను వేలితో ఊడదీశాడు. న్యూయార్క్‌లో యూజీన్ ఫుల్లర్ అంతకు ముందే అదే పని చేశాడు. ఎవరు ముందన్న తగాదా చాలాకాలం నడిచింది. కానీ ఈ పద్ధతిని నమ్మదగినదిగా లోకానికి చూపింది ఫ్రేయరే. 1912 నాటికి వెయ్యి కేసుల లెక్క ప్రచురించాడు.

ఈ ఆపరేషన్ ఎందుకు సాధ్యమో తెలుసుకుంటే లేజర్ దాకా జరిగినదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గ్రంథిలో పెరిగేది లోపలి భాగమే. అది పెరుగుతూ బయటి భాగాన్ని అంచులకు నెట్టి పల్చని పొరగా చేస్తుంది. పెరిగిన గడ్డకూ ఆ పొరకూ మధ్య ఒక సందు ఉంటుంది. బత్తాయి తొక్కలోంచి తొనలను వేలితో విడదీసినట్టు ఆ సందు పట్టుకొని గడ్డను మొత్తంగా ఊడదీయవచ్చు. పొర లోపలే ఉండిపోతుంది. నూట ఇరవై ఏళ్ళలో వేలు పోయి తీగ వచ్చింది, తీగ పోయి కాంతి వచ్చింది, ఆ సందు మాత్రం అదే. పొర మిగిలే ఉంటుంది కాబట్టి ఆపరేషన్ అయినవారికి కూడా తర్వాత క్యాన్సర్ రావచ్చు. తీసిన గడ్డను పరీక్షకు పంపమనడం, తర్వాత కూడా రక్తపరీక్ష చేయించుకోమనడం అందుకే.

ఫ్రేయర్ పద్ధతిలో చిక్కు రక్తస్రావం. గడ్డ ఊడిన గుంట కంటికి కనబడదు, కారే నాళాలకు కుట్టు వేయడం కష్టం. 1945లో టెరెన్స్ మిల్లిన్ మూత్రాశయం తెరవకుండా, పొత్తికడుపు కింది ఎముక వెనకనుంచి నేరుగా గ్రంథి పొరను కోసి, కంటితో చూస్తూ గడ్డ తీసే దారి చూపాడు. పెనిసిలిన్, రక్తనిధులు, వెన్నులో మత్తు సూది ఇవన్నీ ఆ కాలానికి తోడై వృద్ధులకు ఈ ఆపరేషన్ ప్రమాదాన్ని బాగా తగ్గించాయి. అమెరికాలో ఫ్రెడరిక్ ఫోలీ 1930లలో రూపొందించిన, కొసన బుడగ ఉన్న రబ్బరు గొట్టం వీటన్నిటికంటే పెద్ద మేలు చేసిందని చెప్పాలి. అంతకుముందు గొట్టాన్ని లోపల నిలపాలంటే పట్టీలతో కట్టాలి, కుట్లు వేయాలి. ఫోలీ గొట్టంలో బుడగను నీటితో నింపితే అది మూత్రాశయంలోనే ఆగి ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక బుడగను గుంట మీదికి లాగి పట్టిస్తే రక్తం కూడా తగ్గుతుంది. తాలూకా దవాఖానలో కంపౌండర్ సైతం నేర్చుకోగలిగిన పని అది. అది తెలిసిన మనిషి ఉన్న ఊరిలో మూత్రం ఆగిన వృద్ధుడు తెల్లారేదాకా బతికాడు.

తెలిసీ తెలియని చేతుల్లో అదే గొట్టం గాయం కూడా చేసింది. పెరిగిన గ్రంథి నాళాన్ని వంకర చేస్తుంది. మొండిగా తోస్తే గొట్టం పక్కకు చీల్చుకొని తప్పుదారి పడుతుంది, బుడగను నాళంలోనే ఉబ్బిస్తే నాళం చిట్లుతుంది. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర రెండు మూడుసార్లు ప్రయత్నించి, నెత్తురుతో పెద్దాసుపత్రికి వచ్చే రోగి డాక్టర్లకు కొత్తవాడేం కాదు. గొట్టం ఏ దారినా పోకపోతే పొత్తికడుపు మీద సూదితో గుచ్చి నేరుగా మూత్రాశయంలోకి గొట్టం దించుతారు.

1948 తర్వాత సంస్థానాలు రద్దయ్యాయి. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, కర్నూలుకు వైద్య కళాశాల దక్కింది. నడిగడ్డకు ఇది పెద్ద మలుపు. గద్వాల, అలంపూర్ వైపు వాళ్ళకు తుంగభద్ర దాటగానే బోధనాసుపత్రి ఉంది. పాలనపరంగా వేరే జిల్లా అయినా, తర్వాత 2014లో వేరే రాష్ట్రమే అయినా, రోగులు ఆ గీత చూడలేదు. గద్వాల ఆసుపత్రి వీధిలో “కర్నూలుకు తీస్కపోండి” అన్న మాట ఈనాటికీ వినబడుతుంది.

మూత్రకోశ శస్త్రవైద్యం ప్రత్యేక శాఖగా దేశంలో నిలదొక్కుకుంది స్వాతంత్ర్యం వచ్చాకే. భారత యూరాలజీ సంఘం 1961లో ఏర్పడింది. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ళు జనరల్ సర్జరీ, ఆపైన మరో మూడేళ్ళు యూరాలజీలో ఎంసీహెచ్. ఇంత చదివినవారు చాలాకాలం నగరాల్లోనే దొరికారు. జిల్లాల్లో ప్రోస్టేట్ తీసింది జనరల్ సర్జన్లే, అదీ ఫ్రేయర్ పద్ధతిలోనే. పొత్తికడుపు మీద కోత, పది పన్నెండు రోజులు మంచం, మూత్రాశయం నుంచి ఒకటి, నాళం నుంచి ఒకటి రెండు గొట్టాలు, మంచం పక్కన ఎర్రనీళ్ళ సీసా. రక్తం ఎక్కించాల్సి వస్తే ఇద్దరు ముగ్గురు కొడుకులో అల్లుళ్ళో సిద్ధంగా ఉండాలి. ప్రపంచం అప్పటికే వేరే దారి పట్టినా, కొత్త పరికరాలు చేతికందనిచోట ఆ సర్జన్లు చేసింది గొప్ప పని. వాళ్ళ చేతుల మీదుగా బయటపడ్డ వృద్ధులు వేలల్లో ఉంటారు.

ఆ వేరే దారి పేరు టీయూఆర్‌పీ. కోత లేకుండా, మూత్రనాళం గుండానే పరికరం పంపి గడ్డను చెక్కి తీయడం. దానికి మూడు సంగతులు కుదరాలి. లోపల చూడాలి, కోయాలి, రక్తం ఆపాలి. 1879లో మాక్స్ నిట్సె వియన్నాలో మూత్రాశయ దర్శినిని చూపించాడు. 1926లో మాక్స్ స్టెర్న్ విద్యుత్ తీగతో కోసే రిసెక్టోస్కోప్ చేశాడు, 1932లో జోసెఫ్ మెకార్తీ దాన్ని మెరుగుపరిచాడు. తర్వాత హెరాల్డ్ హాప్కిన్స్ గాజుకడ్డీల కటకాలు వచ్చి లోపలి దృశ్యం పగటిలా వెలిగింది. రోగికి నడుములో మత్తు సూది ఇచ్చి కాళ్ళు ఎత్తి పెడతారు. సర్జన్ తీగ ఉచ్చును వెనక్కి లాగిన ప్రతిసారీ గడ్డ నుంచి సన్నటి ముక్క రాలుతుంది. మూత్రాశయంలోకి నీళ్ళు పారుతూనే ఉంటాయి. చివరకు ముక్కలన్నీ పీల్చి బయటికి తీస్తారు. రెండు మూడు రోజుల్లో గొట్టం తీసేస్తారు.

ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. పాత పద్ధతిలో విద్యుత్తు పారడానికి ఉప్పునీరు పనికిరాదు, గ్లైసిన్ కలిపిన నీరు వాడాలి. గంటకు మించి కోస్తే ఆ నీరు తెగిన రక్తనాళాల ద్వారా ఒంట్లో చేరి రక్తంలోని సోడియం పడిపోవచ్చు, మనిషి మతి తప్పవచ్చు. అందుకే ఎనభై గ్రాములు దాటిన గడ్డలకు చాలాకాలం పొట్ట కోతే శరణ్యమైంది. ఏళ్ళ తరబడి ఓర్చుకొని ఆలస్యంగా వచ్చేవారి గడ్డలు పెద్దవిగా ఉంటాయి. బైపోలార్ పరికరాలు వచ్చి ఉప్పునీటిలోనే కోయగలిగాక ఈ బెడద తగ్గింది.

మందులు ఈ కథలో ఆలస్యంగా వచ్చాయి. పురుష హార్మోను లేకపోతే గ్రంథి పెరగదన్నది పాత సంగతే. 1970లలో మార్కో కైన్, గ్రంథిలోని కండరాన్ని సడలించే మందులతో ధార మెరుగుపడుతుందని చూపాడు. ఆ దారిలో 1990లలో టామ్సులోసిన్ వచ్చింది. 1992లో అమెరికా అనుమతి పొందిన ఫినాస్టరైడ్ గ్రంథినే కుదిస్తుంది, అయితే ఆర్నెల్లు ఓపిక పట్టాలి. టామ్సులోసిన్ ఇప్పుడు గద్వాల, నాగర్‌కర్నూల్ మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికే గోలీ. మూత్రం ఆగి గొట్టం వేసుకున్నవారికి కొన్ని రోజులు ఆ గోలీ వాడి గొట్టం తీసి చూస్తే చాలామందికి మళ్ళీ వస్తుంది, ఆపరేషన్ వాయిదా పడుతుంది, కొందరికి తప్పిపోతుంది కూడా. మందు మంచిదే. కానీ దాన్ని ఏళ్ళకేళ్ళు పరీక్ష లేకుండా మింగుతూ మూత్రాశయం బలహీనపడేదాకా ఆగడం సరికాదు. అప్పుడు అడ్డు తీసినా ధార రాదు.

పాలమూరుకు దూరం నిజంగా తగ్గింది 2005 నుంచి 2008 మధ్యలో. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పేదల ఆసుపత్రి ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకాన్ని మొదట మూడు జిల్లాల్లో ప్రారంభించింది. అవి మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మూడూ కరువుకూ వలసకూ పేరుపడ్డవే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 2008 జులైలో రెండో దశతో చికిత్సల సంఖ్య తొమ్మిది వందలు దాటింది, మూత్రకోశ ఆపరేషన్లకు కూడా చోటు దొరికింది. తెల్ల రేషన్ కార్డు పట్టుకొని ఆరోగ్యమిత్రను కలిస్తే, మండల కేంద్రంలో జరిగిన శిబిరం నుంచే హైదరాబాద్ ఆసుపత్రికి పంపేవారు. ఎకరమో అరెకరమో అమ్మకుండా టీయూఆర్‌పీ చేయించుకోవడం ఇక్కడి వృద్ధులకు మొదటిసారిగా కుదిరింది. పథకం మీద విమర్శలు ఉన్నాయి. డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకు పోయిందని, జిల్లా దవాఖానలు ఎండిపోయాయని అన్నవారిలో నిజముంది. అయినా ఈ ఒక్క జబ్బు వరకు చూస్తే, పాలమూరు చరిత్రలో దాన్ని మించిన మార్పు మరొకటి లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి ఏడాదికి పది లక్షలైంది.

లేజర్ ఈ కథలో చివర వచ్చింది. 1960లో థియొడోర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. ప్రోస్టేట్‌కు మొదట వాడిన నియోడిమియం లేజర్ కణజాలాన్ని లోతుగా ఉడికించేది. చచ్చిన కణజాలం వారాల తరబడి రాలేది, మంట ఎక్కువ, కనుక నిలవలేదు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది. దానితో గడ్డను ఆవిరి చేస్తారు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడే గుండె రోగులకు ఇది పనికొస్తుంది. కాకపోతే పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు.

అన్నిటికంటే దూరం వచ్చింది హోల్మియం. దాని కాంతి 2100 నానోమీటర్లు, దాన్ని నీరు పీల్చుకుంటుంది. అర మిల్లీమీటరైనా లోపలికి దిగదు. తాకిన చోటే కోస్తుంది, అక్కడి నాళాలను మూసేస్తుంది. న్యూజిలాండ్‌లోని టౌరంగా పట్టణంలో పీటర్ గిల్లింగ్, మార్క్ ఫ్రాండార్ఫర్ 1990ల చివర్లో దీనితో కొత్త ఆపరేషన్ తయారుచేశారు. నాళం గుండా సన్నని ఫైబర్ పంపి, గడ్డకూ పొరకూ మధ్యనున్న సందు వెంటే తిరుగుతూ గడ్డను విడదీసి మూత్రాశయంలోకి తోస్తారు. తర్వాత మార్సెల్లేటర్ అనే పరికరంతో ముక్కలు చేసి పీల్చేస్తారు. ఇదే హోలెప్. ఫ్రేయర్ వేలితో చేసిన పనిని కోత లేకుండా చేయడమే ఇది. వాడేది ఉప్పునీరే కాబట్టి సోడియం భయం లేదు, గడ్డ నూరు గ్రాములున్నా రెండు వందలున్నా తీయవచ్చు. చాలామందికి మర్నాడే గొట్టం తీసేస్తారు. గడ్డ మొత్తం పోతుంది కాబట్టి మళ్ళీ పెరగడం అరుదు. మొదటి వారాల్లో కొందరికి మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉంటుంది, అది ఎక్కువమందిలో తగ్గిపోతుంది. టీయూఆర్‌పీలో లాగే తర్వాత వీర్యం బయటికి రాకుండా వెనక్కి పోవడం మామూలు. ఈ సంగతి ముందే చెప్పని డాక్టరు రోగికి అన్యాయం చేసినట్టే.

హోలెప్ నేర్వడం కష్టం. పదుల కేసులు చేస్తే గానీ చెయ్యి కుదరదు. యంత్రం ఖరీదు, ఫైబర్ల ఖర్చు వేరే. హైదరాబాద్ పెద్ద ఆసుపత్రుల్లోకి 2000 తర్వాత వచ్చిన లేజర్, అక్కడి నుంచి జిల్లా కేంద్రాల వైపు కదలడానికి ఒక కారణం రాళ్ళు. అదే హోల్మియం యంత్రం మూత్రపిండంలోని, మూత్రవాహికలోని రాయిని కూడా పొడి చేస్తుంది. రాళ్ళ రోగులు రోజూ వస్తారు కాబట్టి యంత్రం ఊరికే కూర్చోదు. ఆ తర్వాత వచ్చిన థులియం ఫైబర్ లేజర్ 1940 నానోమీటర్లది. యంత్రం చిన్నది, మామూలు కరెంటు పాయింటు చాలు, రాయిని మరింత మెత్తని పొడిగా చేస్తుంది, ప్రోస్టేట్‌కు కూడా పనికొస్తుంది. కరెంటు, చోటు, ఖర్చు అన్నీ లెక్కచూసుకోవాల్సిన చిన్న ఊరి ఆసుపత్రికి ఇలాంటి యంత్రమే నప్పుతుంది.

2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేర్వేరు జిల్లాలయ్యాయి. అదే ఏడాది మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2022 నవంబరు 15న తెలంగాణలో ఒకేరోజు ప్రారంభమైన ఎనిమిది వైద్య కళాశాలల్లో వనపర్తి, నాగర్‌కర్నూల్ ఉన్నాయి. 2024–25లో గద్వాలకు కూడా కళాశాల వచ్చింది. ఎంబీబీఎస్ కళాశాలకు జనరల్ సర్జరీ, మత్తు, రేడియాలజీ శాఖలు తప్పనిసరి. యూరాలజీ తప్పనిసరి కాదు. కాబట్టి మూత్రం ఆగి వచ్చిన మనిషికి రాత్రివేళైనా సొంత జిల్లా కేంద్రంలోనే శిక్షణ ఉన్న చేతితో గొట్టం వేయించడం, అల్ట్రాసౌండ్‌లో గడ్డ బరువు, మూత్రాశయంలో మిగిలిన నీరు కొలవడం, క్రియాటినిన్ చూడటం, మందు మొదలుపెట్టడం ఈ ఆసుపత్రులు చేయగల పనులు. గడ్డ తీయాలని తేలితే ఇప్పటికీ ఎక్కువమంది మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాద్ దారే పడతారు. గద్వాల నుంచి రాయచూరుకు రైలు పడ్డాక కొందరు అటు కూడా వెళ్తున్నారు.